రెండింటికి తెలిసింది ఆరింటికి చెప్పారు: చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టుపై కేస్ స్టడీ

షిఫ్ట్ ఇన్‌చార్జి గట్టివాడా కాదా అన్నది చిత్తూరు చుట్టుపక్కల మామిడి పల్ప్ ఫ్యాక్టరీల్లో ఎక్కువగా డ్రమ్ముల లెక్కతోనే తేలుస్తారు. రాత్రి ఎన్ని నింపాడు, లైను ఎంతసేపు ఆపాడు, అంతే. ఈ కేసులో కొలత వేరు. ఎక్కడో తేడా వచ్చిందని లైను మీద ఒక మనిషికి తెలిసింది. ఆ సంగతి నిర్ణయం తీసుకోగలిగిన మనిషికి చేరేసరికి ఎన్ని నిమిషాలు పట్టింది? ఇన్‌చార్జిని హోటల్ హాల్లో కూర్చోబెట్టి నాయకత్వం మీద రెండు రోజులు క్లాసులు చెప్పించినా, ఈ అంకె తగ్గకపోతే ఆ ఖర్చు దండగే.

ముందే ఒక మాట. ఇది ఏ ఒక్క ఫ్యాక్టరీ సంగతీ కాదు. తోతాపురి మామిడి సీజన్‌లో ఈ లైన్ల మీద మళ్లీ మళ్లీ ఎదురయ్యే పరిస్థితులను ఒక్క రాత్రికి కూర్చిన నమూనా కేసు. అంకెలు ఆ నమూనా లైనువి. మీ యంత్రాల హద్దులు తయారీదారు ఇచ్చిన పత్రం ప్రకారం, మీ ల్యాబ్ ఒప్పుకున్న ప్రకారం ఉండాలి.

లైను

కాయ ట్రాక్టర్‌లో వస్తుంది, వే బ్రిడ్జి ఎక్కుతుంది, తరుగు తీస్తారు, మాగబెట్టే గదికి పోతుంది. అక్కడ కాయ పండడానికి ఎథిలీన్ వాయువు పెడతారు. ఆహార భద్రత నిబంధనలు 100 పీపీఎం (పది లక్షల పాళ్లకు వంద) వరకే ఒప్పుకుంటాయి, కార్బైడ్ నిషేధం. మాగిన పండును కడిగి, తొడిమ కోసి, బెల్టు మీద ఏరతారు. అక్కడి నుంచి టెంక తీసే యంత్రం, గుజ్జు చేసే పల్పర్, జల్లెడ పట్టే ఫినిషర్. జల్లెడ పట్టిన గుజ్జును స్టెరిలైజర్‌లో 100 డిగ్రీల పైన కాచి, గొట్టంలో కొన్ని సెకన్లు ఆ వేడి మీదే పట్టి ఉంచి, 35 డిగ్రీల దరిదాపుకు చల్లార్చి, ముందే క్రిమిరహితం చేసిన సంచిలోకి నింపుతారు. ఆ సంచి ఇనుప డ్రమ్ములో కూర్చుంటుంది. డ్రమ్ముకు 215 కిలోలు.

మన లైను గంటకు 5 టన్నుల కాయ తింటుంది. నూటికి 52 పాళ్లు గుజ్జు దిగితే 2,600 కిలోలు, అంటే గంటకు 12 డ్రమ్ములు.

కేసు మొత్తానికీ కీలకం ఫిల్లర్ దగ్గర, అంటే సంచి నింపే యంత్రం దగ్గరుంది. సంచి మూత తెరిచి, నింపి, మళ్లీ మూసే కొన్ని సెకన్ల పాటు చల్లారిన గుజ్జుకూ బయటి గాలికీ మధ్య అడ్డుగోడలా నిలిచేది ఆవిరి ఒక్కటే. సంచి నిండే ఆ చిన్న అరలో (ఛాంబర్) ఆవిరి వేడి హద్దు కిందికి దిగితే ఫిల్లర్ క్రిమిరహితంగా ఉందని ఇక చెప్పలేం. మళ్లీ పైకి ఎక్కినంత మాత్రాన పోయిన నమ్మకం తిరిగి రాదు. ఫిల్లర్‌ను మళ్లీ స్టెరిలైజ్ చేసేదాకా నిండిన ప్రతి డ్రమ్మూ అనుమానంలో పడ్డట్టే.

ఆ రాత్రి

రాత్రి 2:10కి ఛాంబర్ వేడి హద్దు కిందికి జారింది. అలారం మోగింది. ఈ రకం ఫిల్లర్ అలారం ఇస్తుందే తప్ప తనంతట తాను ఆగదు. ఆపరేటర్ బటన్ నొక్కి మోత ఆపాడు. 2:16కి వేడి తేరుకుంది. నింపడం మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగలేదు. అరగంటకోసారి రాసే లాగ్ షీటులో 2:00 ఎదురుగా ‘ఓకే’, 2:30 ఎదురుగా ‘ఓకే’. రెండూ నిజమే. అసలు సంగతి ఆ రెంటి మధ్యలో జరిగిపోయింది.

ఉదయం 6 గంటలకు షిఫ్టు మారేటప్పుడు, చేతులు కడుక్కుంటూ, తర్వాతి ఆపరేటర్‌తో అన్నాడు: “రేత్రి రెండు గంటలప్పుడు స్టీమ్ కొంచెం దిగింది, నువ్వు చూసుకోప్పా.” పక్కన సాంపిల్ తీసుకుంటున్న ల్యాబ్ అమ్మాయి చెవిన పడింది కాబట్టి సంగతి బయటికొచ్చింది. లేకపోతే అదీ లేదు.

2:10 నుంచి 6:00 దాకా 3 గంటల 50 నిమిషాలు. 46 డ్రమ్ములు, 9,890 కిలోలు. అన్నిటికీ ఎర్ర ట్యాగు కట్టి పక్కకు పెట్టారు. ప్రతి డ్రమ్ము సాంపిల్‌నూ ల్యాబ్‌లో వెచ్చగా ఉంచి రోజూ చూశారు. పది రోజుల గడువు దాటేదాకా లారీ ఎక్కనివ్వలేదు.

అదే సంగతి ఆ నిమిషంలోనే చెప్పి ఉంటే? అనుమానంలో పడేది ఒకటి రెండు డ్రమ్ములు. ఫిల్లర్ వరకే మళ్లీ స్టెరిలైజ్ చేయడానికి ముప్పావు గంట, అంటే 9 డ్రమ్ములు ఆలస్యం. బేరీజు వేస్తే 9 డ్రమ్ముల ఆలస్యం ఒకవైపు, 46 డ్రమ్ముల అనుమానం మరోవైపు. కాగితం మీద ఏ ఆపరేటర్‌ను అడిగినా మొదటిదే ఎంచుకుంటాడు. రాత్రి 2:10కి రెండోదే ఎంచుకున్నాడు, ఎందుకంటే ఆ 9 డ్రమ్ముల లోటు షిఫ్టుల వారీ డ్రమ్ముల లెక్క రాసే బోర్డు మీద పొద్దున్నే కనిపిస్తుంది. 46 డ్రమ్ముల అనుమానం కనిపించడానికి పది రోజులు పడుతుంది, అప్పటికి అది ఎవరి షిఫ్టో కూడా గుర్తుండదు.

ఇంతా చేస్తే 46 డ్రమ్ముల్లో ఒక్కటీ చెడి ఉబ్బలేదు. కేసులో అన్నిటికన్నా చిక్కైన సంగతి ఇదే. “ఏమీ కాలేదు కదా, ఎందుకింత రచ్చ” అన్న మాట వెంటనే వచ్చింది, అదీ పై నుంచి. ఆ మాటకు తలూపిన ఇన్‌చార్జి తర్వాతి సంగతి కూడా ఆరింటికే వింటాడు. ఫలితం బాగుందని పద్ధతిని మెచ్చుకుంటే, హెల్మెట్ లేకుండా భాకరాపేట ఘాట్ దిగినవాడిని మంచి డ్రైవరని మెచ్చుకున్నట్టే.

కబురు ఎక్కడ పుట్టింది?

ఆపరేటర్‌ను పిలిచి మందలిస్తే కేసు అక్కడితో ముగిసేది. ఇన్‌చార్జి అలా చేయలేదు. ఆవిరి ఎందుకు దిగిందని వెనక్కి నడుచుకుంటూ పోయాడు.

బాయిలర్‌లో కట్టెలు, బ్రికెట్లు వేస్తారు. 1:30కే బాయిలర్ దగ్గరి పెద్దాయనకు అర్థమైంది, మంట పట్టుకోవడం లేదు, పొగే ఎక్కువ. కట్టె తడిసింది. ప్రెషర్ నిలబడదని ఆయనకు తెలుసు. ఎవరికి చెప్పాలో తెలియదు. ఆయన కాంట్రాక్టర్ మనిషి, ఇన్‌చార్జి కింద లేడు. కాంట్రాక్టర్ ఆ వేళకు ఇంట్లో నిద్రపోతున్నాడు.

కట్టె ఎప్పుడు తడిసింది? రాత్రి 8:30 వానకు. టార్పాలిన్ ఒక పక్క చిరిగింది, ఇంకో పక్కకు తాడు లేదు. మధ్యాహ్నం షిఫ్టులో ఇద్దరు అది చూశారు. 10 గంటలకు షిఫ్టు అప్పగించినప్పుడు మాట్లాడుకున్నది పండు ఎంత ఉంది, డ్రమ్ములు ఎన్ని, సంచులు ఎన్ని పెట్టెలు అన్నదే. ఇంధనం మాట రాలేదు, ఎందుకంటే అప్పగింత కాగితంలో ఆ గడి లేదు.

అంటే ఆరింటికి చేరిన కబురు ముందురోజు ఎనిమిదిన్నరకే పుట్టింది. తొమ్మిదిన్నర గంటల ప్రయాణం. దాని దారిలో నలుగురు మనుషులున్నారు, ఒక్కరూ చెడ్డవారు కాదు.

విచారణ చేసిన తీరు కూడా చెప్పాలి, చాలా చోట్ల చెడిపోయేది ఇక్కడే. నలుగురినీ మేనేజర్ గదిలో నిలబెట్టి అడిగితే నలుగురూ నేల చూస్తారు. ఇన్‌చార్జి ఒక్కొక్కరి దగ్గరికి వాళ్లు పనిచేసే చోటికే పోయాడు. ముందు గంటలూ నిమిషాలూ అడిగాడు, కారణాలు తర్వాత. ‘ఎందుకు’ అనే మాట మొదటి రోజు వాడలేదు. తెలుగులో ‘ఎందుకు చేసినావు’ అన్నది ప్రశ్న కాదు, తిట్టు. ‘నువ్వు ఏం చూసినావు, అప్పుడు టైమెంత, దాని తర్వాత ఏం చేసినావు’ అంటే మనిషి చెబుతాడు.

నోరు మూయించినవి

అలా అడిగితే తేలిన కారణాలు ఇవి. వీటికి సమాన బరువు లేదు.

అన్నిటికన్నా బరువైనది ఒక్క వాక్యం. అంతకు వారం ముందు పల్పర్ దగ్గర శబ్దం వస్తోందని ఇంకో ఆపరేటర్ లైను ఆపాడు. చూస్తే ఏమీ లేదు. ఇదే ఇన్‌చార్జి బెల్టు దగ్గరున్న ఇరవై మంది వినేలా “ఎవురు ఆపమన్నారు నిన్ను?” అన్నాడు. అన్నది ఆయన మరిచిపోయాడు. విన్నవాళ్లు మరవలేదు. ఫిల్లర్ ఆపరేటర్ ఆ రోజు అక్కడే ఉన్నాడు. పది మంచి మాటలతో కట్టుకున్న నమ్మకాన్ని ఇలాంటి ఒక్క మాట కూల్చేస్తుంది. మళ్లీ కట్టుకోవడానికి సీజన్ మొత్తం పట్టొచ్చు, మన సీజనేమో జూన్, జులై నెలలు, ఆగస్టు వస్తే ఖాళీ.

రెండోది, హద్దు ఎవరూ చెప్పలేదు. వేడి ఎంత దిగితే ఆపాలి? ఎంతసేపు దిగితే? ఆపరేటర్ దృష్టిలో ఆరు నిమిషాలు ‘కొంచెం’. ల్యాబ్ దృష్టిలో ఆరు సెకన్లు కూడా ఎక్కువే.

మూడోది, ఇన్‌చార్జి అక్కడ లేడు. 1:45 నుంచి 2:40 దాకా వే బ్రిడ్జి దగ్గర తరుగు మీద గొడవ తీరుస్తున్నాడు. గేటు దగ్గర ఒత్తిడి ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ రూ.8 ఇవ్వాలి, ప్రభుత్వం రూ.4 కలుపుతుంది అన్న ఏర్పాటు వచ్చింది. రెండు రోజులు ట్రాక్టర్ మీదే పడుకున్న రైతుకు నూటికి రెండు పాళ్లు తరుగు అంటే కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఆ మాట తీర్చాల్సిందే. కానీ తీర్చాల్సింది షిఫ్ట్ ఇన్‌చార్జి కాదు. ఫోను జేబులోనే ఉంది, పల్పర్ హోరులో మోగినా వినపడదు.

బోర్డు సంగతి పైన చెప్పాం. నిద్రమత్తు కూడా ఉంది. రాత్రి 2 నుంచి 5 దాకా మనిషి శరీరం అన్నిటికన్నా మందంగా ఉండే వేళ. అలారం మోత ఆపిన చేయి ఆలోచించి ఆపిందా అంటే అనుమానమే.

మార్చినవి

మొదట అప్పగింత. ఆఫీసు గదిలో సంతకాలు మానేసి, నడక పెట్టారు. రాత్రి 9:45కి పోయే ఇన్‌చార్జి, వచ్చే ఇన్‌చార్జి కలిసి కట్టెల కుప్ప దగ్గర మొదలుపెడతారు. అక్కడి నుంచి బాయిలర్, మాగబెట్టే గది, కడిగే తొట్టి, బెల్టు, పల్పర్, స్టెరిలైజర్, ఫిల్లర్, చివర డ్రమ్ముల యార్డు. మొత్తం 15 నిమిషాలు. నడక కట్టెల దగ్గరే ఎందుకు మొదలవ్వాలంటే, ఆవిరి లేకపోతే మిగతావన్నీ ఉండీ లేనట్టే.

ప్రతి చోటా ఒకే ప్రశ్న. “అంతా బాగుందా?” అని అడగకూడదు. దానికి “బాగుంది సార్” తప్ప జవాబు లేదు, అలా అనడం మన మర్యాద. “నీకు యాడ అనుమానంగా ఉండాది?” అని అడగాలి. మొదటి రెండు మూడు రోజులు “ఏం లేదు సార్” అనే వస్తుంది. అడిగినవాడు అక్కడే పది సెకన్లు ఊరికే నిలబడాలి. ఆ పది సెకన్లు భరించలేక చాలామంది ఇన్‌చార్జిలు ముందుకు నడిచిపోతారు. నిలబడితే అవతలి మనిషి ఏదో ఒకటి చెబుతాడు. “ఆ మూల టార్పాలిన్ చినిగిండాది సార్” లాంటిది.

బాయిలర్ పెద్దాయన విషయంలో రెండు పనులు. కాంట్రాక్టర్‌తో మాట్లాడి, ఆవిరికి సంబంధించినంత వరకు ఆయన నేరుగా షిఫ్ట్ ఇన్‌చార్జికే చెప్పాలని కాగితం మీద రాయించారు. బాయిలర్ అటెండెంట్‌కు సర్టిఫికెట్ ఉంటుంది, అనుభవం ఉంటుంది, లైను మీద పెద్దరికం మాత్రం ఉండదు. అది ఇవ్వాలి. ఇన్‌చార్జికి ముప్పై కూడా లేవు, పెద్దాయనకు యాభై దాటాయి. “అన్నా, ప్రెషర్ ఈ గీత కిందికి వస్తే నన్ను పిలవల్ల, నేను రాకపోతే ఫిల్లర్ ఆపమని నువ్వే చెప్పల్ల” అన్నది మాట. ‘అన్నా’ అన్నందుకు ఆజ్ఞ పలచబడలేదు. గేజి మీద ఎర్ర పెయింటుతో గీత గీశారు. గీత ఉన్నాక చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు, చూపు చాలు.

ఇక ఆపే హక్కు. నియమం రెండు ముక్కల్లో ఉంది: ఆపడం ఎవరైనా ఆపొచ్చు; మళ్లీ మొదలుపెట్టడం మాత్రం ఇన్‌చార్జి, ల్యాబ్ ఇద్దరూ ఒప్పుకున్నాకే. టొయోటా కార్ల ఫ్యాక్టరీల్లో తేడా కనిపించి కార్మికుడు లైను పక్కనున్న తాడు లాగితే ముందు టీమ్ లీడర్ వస్తాడు, నిర్ణీత చోటికి వచ్చేలోపు సరిదిద్దలేకపోతేనే లైను ఆగుతుంది. క్రిములు చేరకుండా నింపే ఇలాంటి ఆసెప్టిక్ ఫిల్లర్‌కు ఆ వెసులుబాటు లేదు. మొదట ఆపాలి, తర్వాత పిలవాలి.

ఆపినప్పుడు ఏ వరుసలో ఆపాలన్నది నేర్పకపోతే ఇంకో నష్టం. ఫిల్లర్ ఒక్కటీ ఆపి ఊరుకుంటే గుజ్జు వేడి మీదే తిరుగుతూ రంగు మారుతుంది, గోధుమ ఛాయ వస్తుంది. కాబట్టి ఫిల్లర్ ఆగిన నిమిషంలోనే కడిగే తొట్టిలోకి పండు వేయడం ఆపాలి. బెల్టు మీదున్నది టెంక యంత్రం దాటేదాకా నడిపి, పల్పర్ ఖాళీ చేయాలి. కోసిన పండు కోసినట్టే క్రేట్లలో ఉంచకూడదు, పులుస్తుంది. మాగబెట్టే గది నుంచి కొత్త క్రేట్లు రానివ్వకూడదు. ముప్పావు గంట దాటేట్టుంటే గదిలో బాగా మాగిన వరుసలు ఏవో ముందే గుర్తుపెట్టుకుని, లైను మొదలవగానే వాటినే పంపాలి. ఈ వరుసను అట్టమీద పెద్ద అక్షరాలతో తెలుగులో, తమిళంలో, హిందీలో రాసి ఫిల్లర్ పక్కన కట్టారు. తమిళనాడులోని గుడియాత్తం వైపు నుంచి వచ్చేవాళ్లు, బిహార్, ఒడిశాల నుంచి వచ్చేవాళ్లు ఒకే లైను మీద ఉంటారు. ఇన్‌చార్జి తెలుగులో ఒకసారి చెప్పేసి ‘చెప్పాను కదా’ అంటే చెప్పినట్టు కాదు.

లాగ్ షీటులో ‘ఓకే’ గడి తీసేశారు. అంకె రాయాలి. పక్కన ‘మధ్యలో ఏం జరిగింది’ అని ఇంకో గడి. చిన్న మార్పే, కానీ గడి ఉంటే చేయి రాస్తుంది.

తరుగు గొడవలకు యార్డు సూపర్‌వైజర్‌ను పెట్టారు. అతనికి హద్దు చెప్పారు: నూటికి మూడు పాళ్ల వరకు తరుగు తగ్గించడం, పెంచడం అతని ఇష్టం, ఎవరినీ అడగక్కర్లేదు. దాటితే పొద్దున కొనుగోలు మేనేజర్. షిఫ్ట్ ఇన్‌చార్జిని గేటుకు పిలవకూడదు. హద్దు చెప్పకుండా ‘నువ్వు చూసుకో’ అని అప్పగిస్తే పని మళ్లీ మన దగ్గరికే తిరిగొస్తుంది, పది నిమిషాలు ఆలస్యంగా.

విన్నవాడి మొదటి మాట

ఇన్‌చార్జి మారాల్సిన చోట్లన్నిటిలోకీ ఇదే కష్టమైనది. లైను ఆగిందని విన్న క్షణంలో నోట్లోంచి వచ్చే మొదటి వాక్యాన్ని ముందే తయారుచేసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ క్షణంలో తనంతట వచ్చే వాక్యం మంచిది కాదు. ఈ ఇన్‌చార్జి పెట్టుకున్నది: “చెప్పినావు, మంచిదయింది. ఏం చూసినావు?” ఆపిన కారణం తప్పని తేలినా అదే వాక్యం. తప్పని తేలినప్పుడే మరీ ముఖ్యం, చుట్టూ ఉన్నవాళ్లు చూసేది అప్పుడే.

హార్వర్డ్‌లో పనిచేసే అమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి నర్సింగ్ బృందాలను పరిశీలించినప్పుడు, బాగా నడిచే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదై కనిపించాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, దాచకుండా చెప్పుకోగలిగారు కాబట్టి అని ఆమె తేల్చారు. పల్ప్ లైను మీద కూడా తప్పుల లెక్క సున్నా చూపించే షిఫ్టునే ముందు అనుమానించాలి.

మెత్తగా ఉండమని కాదు. పొరపాటు వేరు, దాచడం వేరు, అలారం వైరు పీకడం వేరు. మొదటి దానికి ఏ శిక్షా లేదు. రెండో దానికి అదే షిఫ్టులో, పక్కకు పిలిచి, ఒక్కటే సంగతి మీద మాట్లాడాలి: ఏం జరిగింది, దానివల్ల ఏం పోయింది, రేపటి నుంచి ఏం కావాలి, నువ్వేమంటావు. నాలుగు మాటలు, ఐదు నిమిషాలు. పాత బాకీలు తవ్వకూడదు. అదే మళ్లీ జరిగితే రాతపూర్వకంగా. లాగ్ షీటులో చూడని అంకె రాయడం, అలారం పనిచేయకుండా చేయడం మాత్రం మొదటిసారికే కాగితం ఎక్కుతాయి. ఈ గీత సీజన్ మొదటి రోజే అందరికీ తెలియాలి.

2:10 ఆపరేటర్ ఏ గడిలోకి వస్తాడు? హద్దు ఎవరూ చెప్పలేదు కాబట్టి, రాయడానికి చోటు లేదు కాబట్టి, మొదటి గడిలోకే. ఇన్‌చార్జి ఇంకొకటి చేశాడు. వారం కింద తాను అన్న మాట గురించి షిఫ్టు మొదట్లో అందరి ముందూ ఒప్పుకున్నాడు: “ఆ పొద్దు అట్ల అనుండకూడదు. ఆపింది సరే.” రెండే వాక్యాలు. క్షమాపణ పొడుగైతే వినేవాళ్లకు ఇబ్బంది.

బెల్టు దగ్గర

అందరికన్నా ముందు తెలిసేది బెల్టు దగ్గర ఏరే ఆడవాళ్లకు. లాటు సరిగా మాగలేదని, తొడిమ కుళ్లు ఎక్కువగా ఉందని ల్యాబ్‌లో బ్రిక్స్ (తీపి కొలత) చూడకముందే వాళ్ల చేతులకు తెలుస్తుంది. వాళ్లను ఎవరూ అడగరు. వాళ్లతో మాట్లాడేది మేస్త్రీ, మేస్త్రీకి తెలిసింది హాజరు పట్టీ.

ఇక్కడ చేసిన ఏర్పాటు చాలా మామూలుది. పచ్చి కాయ వేసే 20 కిలోల క్రేటు 20 నిమిషాలలోపే నిండితే బెల్టు పెద్దక్క పచ్చ జెండా గుడ్డ ఎత్తాలి. గంటకు 5 టన్నులంటే 20 నిమిషాలకు 1,667 కిలోలు, అందులో 20 కిలోలు అంటే నూటికి ఒకటి దాటినట్టు. లెక్క వాళ్లకు చెప్పనక్కర్లేదు, క్రేటూ గోడ గడియారమూ చాలు. గుడ్డ లేస్తే మాగబెట్టే గదిలో ఆ వరుస ఆపి, తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో పది పండ్లు చూస్తారు.

గంటకోసారి చోటు మార్చాలి. కదిలే బెల్టును ఒకే చోట నిలబడి చూస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి, మచ్చ కనిపించదు. విరామం లేకుండా గంటల తరబడి పని చేయించకూడదు, మధ్యలో అరగంట ఇవ్వాలి. సీజన్ ఒత్తిడిలో మొదట కత్తిరించేది ఆ అరగంటనే. పచ్చి కాయ గుజ్జులో కలిసేదీ, అది పులుపు లెక్కలో తేలేదీ ఆ కత్తిరింపు తర్వాతే. పని ఎలా చేయాలన్నది మేస్త్రీ ద్వారా కాదు, పెద్దక్క ద్వారా పోవాలని కూడా తేల్చారు. మేస్త్రీ కొన్నాళ్లు ముఖం ముడుచుకున్నాడు.

ఎదురుతిరిగినవి

మార్పులు పెట్టగానే లైను ఆగడం ఎక్కువైంది. సగం ఊరికే ఆపినవే. ఒకసారి ఫిల్లర్ దగ్గర ఎలుక తిరిగిందని ఆపారు (అది సరైన కారణమే), ఇంకోసారి లైటు మిణుకుమందని. ఈ వారమే ఇన్‌చార్జికి పరీక్ష. ‘చెప్పినావు, మంచిదయింది’ అన్న వాక్యం ఐదోసారికి పళ్ల బిగువున వస్తుంది. ఓపిక పడితే మూడో వారానికి మనుషులే తూకం నేర్చుకుంటారు, తప్పుడు ఆపడాలు తగ్గుతాయి. మధ్యలో విసుక్కుంటే తగ్గేవి తప్పుడువి కాదు, అన్నీ.

పగటి షిఫ్టు ఎగతాళి చేసింది. బోర్డు మీద వాళ్ల డ్రమ్ములు ఎక్కువ. ఇది ఇన్‌చార్జి ఒక్కడే తేల్చగలిగేది కాదు, మేనేజర్ కదలాలి. నింపిన డ్రమ్ముల బదులు ల్యాబ్ విడుదల చేసిన డ్రమ్ములే బోర్డు ఎక్కేలా మార్చారు. అంకె పది రోజులు ఆలస్యంగా వస్తుంది. ప్రోత్సాహక డబ్బు కూడా దానితోనే వస్తుంది, కాబట్టి మొదటి పది రోజులు గొణుగుడు తప్పలేదు. ఈ ఒక్క మార్పుకు యాజమాన్యం ఒప్పుకోకపోతే మిగతావన్నీ సీజన్ దాటవు. ఈ మాట ఇన్‌చార్జిని నియమించే ముందే తేల్చుకోవడం మంచిది.

ఇంకొకటి ఇన్‌చార్జి స్వభావంలోంచే వచ్చింది. అతను ఆపరేటర్‌గా ఉండి పైకొచ్చినవాడు. పల్పర్ జల్లెడ మూసుకుపోతే ఎలా విప్పాలో అందరికన్నా బాగా తెలుసు, కాబట్టి ఆపరేటర్ చేతిలోంచి స్పానర్ తీసుకుంటాడు. పది నిమిషాల పని ఆరు నిమిషాల్లో అయిపోతుంది. ఆ ఆరు నిమిషాలూ మిగతా లైనుకు ఇన్‌చార్జి లేడు, ఆపరేటర్ నేర్చుకున్నదీ లేదు. దీనికి పెట్టుకున్న కట్టడి: చేతులు వెనక కట్టుకుని నిలబడటం. నిజంగానే, వెనక కట్టుకుని. చూడటానికి తమాషాగా ఉంటుంది కానీ పని చేసింది.

ఎలా లెక్కపెట్టారు

ప్రతి సంఘటనకు ఒక వరుస, నాలుగు గడులు: ఎవరికి మొదట తెలిసింది, ఎన్నింటికి; ఇన్‌చార్జికి ఎన్నింటికి చేరింది; మధ్యలో ఎన్ని నిమిషాలు; ఎక్కడ ఆగింది. నాలుగో గడే అసలైనది. ‘మేస్త్రీ దగ్గర’, ‘ఫోను వినపడలేదు’, ‘చిన్నదేలే అనుకున్నాడు’ అని రాస్తారు. పేర్లు రాయరు. వారానికోసారి ఆ గడి మీదే పావుగంట కూర్చుంటారు. ఒకే కారణం మూడుసార్లు వస్తే మనిషిని కాదు, ఏర్పాటును మార్చాలి. ఫోను వినపడలేదన్నది మూడుసార్లు రాగానే ఫిల్లర్ పైన, వే బ్రిడ్జి దగ్గర, బాయిలర్ దగ్గర ఎర్ర బల్బులు పెట్టి ఒకే స్విచ్చికి కలిపారు.

సీజన్ లేని నెలల్లో చేసుకోవాల్సింది ఒకటుంది. ఫిబ్రవరి, మార్చిలో యంత్రాలు విప్పి సర్వీసు చేశాక లైనును నీళ్ల మీద నడిపి చూస్తారు ఎలాగూ. ఆ రోజు ఎవరికీ ముందు చెప్పకుండా ఫిల్లర్‌కు వెళ్లే ఆవిరి వాల్వు సగం మూసి, గడియారం పట్టుకుని నిలబడాలి. అలారం మోత ఎవరు ఆపారు, లైను ఎవరు ఆపారు, ఇన్‌చార్జికి ఎన్ని నిమిషాలకు తెలిసింది, కడిగే తొట్టి దగ్గర పండు వేసే మనిషికి ఎన్ని నిమిషాలకు తెలిసింది. ఇదే రాత్రి 2 తర్వాత ఇంకోసారి. పోయేవి నీళ్లే కాబట్టి ఎవరూ కంగారు పడరు. రెండుసార్లకూ వచ్చిన అంకెల తేడాను జూన్ మొదటి షిఫ్టుకు ముందు ఫిల్లర్ పక్కన అట్టమీద అంటించాలి.